కాటన్ దొరగారు: పటమును నేలతో సరిచూచిన జీవితము

తన యిల్లు తాను కట్టుకొనవలెనను కోరిక మనుష్యునకు సహజము. మన తాతలు తాటిదూలములు తామే మోసికొనివచ్చి, ఇరుగుపొరుగువారి సాయముతో మట్టిగోడలు పెట్టి, తాటాకు కప్పుకొని కాపురములు చేసిరి. వారి యిండ్లకు కాగితముపై పటము లేదు. పటము వారి కన్నులలోను, మూరకొలతలలోను ఉండెను. నేడు మనము పటమును కాగితముపై చూచుచున్నాము. ప్లానులు అచ్చువేసిన పుస్తకమును కొని, దానిని ముందు పెట్టుకొని, మేస్త్రీని దగ్గరనుండి నడిపించుకొనువారును, చిన్న పనులైనచో తామే తాపీ పట్టువారును మన కొవ్వూరు ప్రాంతమున అనేకులు కలరు. ఇది మెచ్చుకొనదగిన పనియే. అయితే పటమును వాడు విధము తెలియనివానికి పటము దారి చూపుటకు మారుగా దారి తప్పించును.

ఈ మాట మేము పరులను గూర్చి చెప్పుట లేదు. మన పాఠశాల పెరటిలో తోటపని సామానులు పెట్టుకొనుటకు ఒక చిన్న గదిని బాలుర చేతులతోనే కట్టింపవలెనని మేము తలపెట్టితిమి. ఒక పుస్తకమున చక్కని పటము దొరికెను. అందులో గోడ మందము, వాకిలి వెడల్పు, పునాది లోతు అన్నియు అంగుళములతో సహా వ్రాయబడి యుండెను. మేము ముగ్గు పోయించి, దారము కట్టించి, పుస్తకములోని లోతు వరకు త్రవ్వించి గోడలు లేపించితిమి. బాలురు ఎంతో ఉత్సాహముతో ఇటుకలు అందించిరి. మొదటి వర్షాకాలము పూర్తికాకమునుపే ఈశాన్యపు మూల క్రుంగి, గోడ పైనుండి క్రిందివరకు బీటవారెను. ఒక విద్యార్థి తాతగారు, వయసు చెల్లిన మేస్త్రీ, వచ్చి చూచి, ఆ మూలను పూర్వము గుంట యుండెడిదా యని మాత్రము అడిగిరి. విచారింపగా నిజముగా అచ్చట చెత్తగుంట యొకటి ఉండి పూడ్చబడినదని తేలెను. పటములో తప్పు లేదు. నేలను అడుగకుండ పటమును నమ్మినది మేమే. బాలుర శ్రమ వ్యర్థమైనందుకు మేము వారియెదుట సిగ్గుపడితిమి.

ఆ సంగతి జరిగిన కొలది దినములకు బాలురను వెంటబెట్టుకొని మన ఊరికి దిగువనున్న విజ్జేశ్వరమునకు పోతిమి. అచ్చట గోదావరి నీరు పశ్చిమ డెల్టా కాలువలోనికి మళ్లుట చూచుచు నిలుచుండగా, ఈ నీటిని మొట్టమొదట మళ్లించిన మనుష్యుని జీవితమే మా తప్పునకు సరియైన పాఠమని తోచెను. కావున ఈ సంచికయందు సర్ ఆర్థర్ కాటన్ గారి చరిత్రను సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఆయన పేరు ఎరుగని పిల్లవాడు ఈ జిల్లాలో లేడు. ఆయన గుఱ్ఱముపై నున్న విగ్రహములను చూడనివారును అరుదు. అయినను ఆయన పటమును ఎట్లు వ్రాసెను, ఎట్లు మార్చెను, ఎచ్చట పొరబడెను అను సంగతులు తెలిసినవారు తక్కువ.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీని ఇంగ్లాండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్ గారికి పదకొండుగురు కుమారులు. వారిలో ఆర్థర్ పదవవాడు. ఇంత పెద్ద కుటుంబమున ప్రతి పిల్లవాడును తన బ్రతుకుతెరువు తాను వెదకుకొనవలసినదే. పదునైదవయేట ఆర్థర్ ఈస్టిండియా కంపెనీవారు నడుపుచుండిన ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరెను. 1819లో అచ్చటి చదువు ముగించి మద్రాసు ఇంజనీర్ల దళమునకు నియమింపబడెను. అయితే వెంటనే ఓడ ఎక్కలేదు. 1820లో వేల్సు దేశమున బాంగరు ప్రాంతమున దేశపటములు తయారుచేయు సర్వే పనిలో ఆయనను పెట్టిరి. కొండలెక్కి లోయలు దిగి, గొలుసులతో కొలిచి, కొలిచినదానిని కాగితముపైకి ఎక్కించుట ఆ పని. ఇతరులు గీచిన పటమును చదువుటకు ముందు తాను నేలను కొలిచి పటము గీచుట ఆయన నేర్చెను. తరువాతి జీవితమంతటికిని ఇదియే పునాది యని మా అభిప్రాయము.

1821లో ఆయన మద్రాసు చేరెను. మరుసటి సంవత్సరమున దక్షిణపు జిల్లాలలో చెరువుల శాఖయందు సహాయ ఇంజనీరుగా నియమింపబడెను. చెరువుగట్లు, తూములు, కలుజులు, కాలువలు చూచుచు ఊరూర తిరుగుట ఆయన ఉద్యోగము. రామేశ్వరము దగ్గరి పాంబను జలసంధిలో ఓడలు పోవుటకు దారి కలదేమో యని పరీక్షించుటయందును పనిచేసెను. నడుమ బర్మా యుద్ధమునకు పోయి వచ్చెను. 1828లో కాప్టెనుగా నుండి, కావేరీనది నీటి సమస్యను పరిశోధించు భారమును వహించెను.

ఆ కాలమున తంజావూరు సీమకు పెద్ద ఆపద రానుండెను. తిరుచిరాపల్లికి ఎగువను కావేరి రెండు పాయలై ప్రవహించును. ఉత్తరపు పాయ కొల్లడము. దాని వాలు ఎక్కువగుటచేత నీరంతయు కొల్లడములోనికి జారుచు, పొలములకు నీరిచ్చు కావేరి ఏటేట మేటవేయుచుండెను. దీనిని ఆపుటకు కొల్లడమునకు అడ్డుగా కట్ట కట్టవలెను. నదీగర్భమంతయు ఇసుకయే. ఎంత త్రవ్వినను రాయి తగులదు. ఇంగ్లాండులో చదివిన చదువు గట్టినేలమీద పునాది వేయుటను నేర్పునుగాని, ఇసుకమీద కట్టుటను అంతగా నేర్పదు.

అప్పుడు కాటన్ గారు ఆ పాఠమును మన దేశమున వెదకెను. కొంచెము దిగువను కల్లణై అను పురాతనపు ఆనకట్ట కలదు. దానిని కరికాలచోళుడు కట్టించెనని ప్రతీతి. వేయి అడుగులకు పైబడిన ఆ కట్ట వందలకొలది సంవత్సరములనుండి వరదలను తట్టుకొని నిలిచియుండెను. కాటన్ గారు దాని లోపలి నిర్మాణమును పరిశీలింపగా, అది మలచిన రాళ్లతో కట్టిన గోడ కాదనియు, ఇసుకలో వేసిన మొరటురాళ్లు తమ బరువుచేత దిగి దిగి ఇక దిగలేనిచోట నిలువగా, వానిపై మట్టితోను రాళ్లతోను లేపి, పైన సున్నపుగచ్చు వేసిన కట్టడమనియు తెలిసెను. ఇసుక కదలును. దానిని కదలవలదని శాసించుటకంటె, అది కదలుటకు వీలిచ్చి, కదలిక ముగిసిన పిమ్మట దానిపై కట్టుట మేలు. ఈ విద్యను మన పూర్వులవద్ద నేర్చుకొంటిమని కాటన్ గారు దాచక ఒప్పుకొనెను. చదువులేని కూలివాని పనినుండి చదువుకొన్నవాడు నేర్చుకొనుట చిన్నతనమని ఆయన తలపలేదు.

1836లో ఆయన కొల్లడముపై ఎగువ ఆనకట్టను, దిగువ ఆనకట్టను కట్టెను. కావేరికి నీరు తిరిగి వచ్చెను. అయితే కథ అంతటితో ముగియలేదు. ఎగువ ఆనకట్ట కొల్లడము నీటిని కావలసినదానికంటె ఎక్కువగా ఆపుటచేత, కావేరిలోనికి అధికముగా నీరు చొచ్చి ఒడ్డులు కోయసాగెను. కావున కొన్ని సంవత్సరముల పిమ్మట ఎగువ ఆనకట్ట నడిమిభాగమును రెండు అడుగులు తగ్గింపవలసి వచ్చెను. కట్టినదానిని తగ్గించుట కట్టినవారికి కష్టమే. అయినను నది చెప్పిన లెక్క ముందు కాగితముపై లెక్క తలవంచవలెను గదా!

ఎండలో తిరిగిన ఫలితముగా కాటన్ గారి ఆరోగ్యము పలుమారు చెడెను. విశ్రాంతికై ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయినప్పుడు, 1841లో అచ్చట ఎలిజబెత్ లియర్మంత్ అను ఆమెను వివాహమాడెను. తిరిగి వచ్చిన పిమ్మట విశాఖపట్టణమున సముద్రము ఊరిని కోసివేయకుండ రాళ్లకట్టలు వేయించెను. అచ్చటనుండి ఆయన దృష్టి మన గోదావరిపై ప్రసరించెను.

నేటి మన పచ్చనిచేలను చూచువారికి అప్పటి స్థితి ఊహకు అందదు. 1832-33లో నందన సంవత్సరపు కరవు వచ్చెను. 1839లో తుపాను ఉప్పెనతో వచ్చి తీరమును ముంచెను. అప్పటి రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,308 మంది జనులుండగా, 1841 నాటికి 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. కొందరు చనిపోయిరి, కొందరు ఊళ్లు విడిచిపోయిరి. ఇంతటి కరవు నడుమ గోదావరి మాత్రము ప్రతి సంవత్సరము నిండుగా పారి, ఎవరికిని పనికిరాక సముద్రమున కలియుచుండెను. ఒడ్డున నిలిచి ఆకలిచే చచ్చుట, ఒడ్డు దాటిన వరదచే చచ్చుట, ఇవి రెండే ఈ సీమవారి గతి.

1844లో కాటన్ గారు నదిని పరీక్షించి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. మరుసటి సంవత్సరము మరియొక వివరమైన నివేదికను పంపెను. ఇంజనీరింగు తెలియనివారికి మొదట వింతగా తోచు సంగతి యొకటి ఇందు కలదు. ఆయన ఆనకట్టకు నది ఇరుకుగా నున్న చోటును కోరలేదు. ధవళేశ్వరమునుండి విజ్జేశ్వరము వరకు నది మైళ్లకొలది వెడల్పై, లంకలచే నాలుగు పాయలుగా చీలిన చోటును ఎన్నుకొనెను. ఎందుచేత? ఇరుకుచోట నీరు లోతై వడిగా పారును. దానిని ఆపు గోడ ఎత్తుగాను బలముగాను ఉండవలెను. వెడల్పుచోట అదే నీరు పలుచగా పరచుకొనును. తక్కువ ఎత్తు కట్ట చాలును. అంతేకాక, నడుమ లంకలున్నందున ఒక పాయకు అడ్డు వేయుచుండగా నది తక్కిన పాయలలో పోవును. పనివాండ్రు ఒక్కొక్క పాయను వేరువేరుగా పూర్తిచేయవచ్చును. ఇక ధవళేశ్వరము ఒడ్డుననే రాతికొండ కలదు. ఇసుక నదిలోనే కలదు. కఱ్ఱ ఎగువ అడవులనుండి నీటిపై దిగివచ్చును. పటము వ్రాయువాడు గది కొలతలే కాక సామాను దొరకు చోటును, పని జరుగు క్రమమును కూడ మనస్సున పెట్టుకొని వ్రాయవలెనని ఇందువలన తెలియుచున్నది.

కట్టకు అయిన అంచనా రమారమి 4 లక్షల 75 వేల రూపాయలు. 1846 డిసెంబరులో కంపెనీ డైరెక్టర్లు అనుమతి ఇచ్చిరి. 1847లో పని మొదలాయెను. మొదటి సంవత్సరముననే పదివేలమంది వరకు కూలీలు, వందలకొలది వడ్రంగులు, కమ్మరులు ధవళేశ్వరమున చేరిరి. ఇంతమందిని కూడగట్టుట, వారికి కూలి, తిండి, నీడ చూచుట కాటన్ గారి యొక్కనివల్ల అగునది కాదు. ఈ కార్యమున ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు వీణెం వీరన్నగారు. పనివారి మాట ఇంజనీర్లకు, ఇంజనీర్ల మాట పనివారికి చేర్చుచు, ఆనకట్ట పని ఆరంభమునుండి తుదివరకు వారు పాటుపడిరి. రాయ్ బహదూర్ బిరుదమును పొందిరి. ఆనకట్ట పేరు చెప్పునప్పుడు దొరగారి పేరుతోపాటు వీరన్నగారి పేరును చెప్పుట న్యాయము.

పని జరిగిన తీరును బాలురు తెలిసికొనవలెను. వరదలు సాధారణముగా జూన్, జూలై నెలలలో మొదలై అక్టోబరు వరకు ఉండును. నది తగ్గినప్పటినుండి మరల పొంగువరకు దొరకిన కొలది నెలలే పనికాలము. కావున ప్రతి సంవత్సరము ఎంతవరకు కట్టిన వరద వచ్చినను చెడకుండునో అంతవరకే మొదలుపెట్టి, దానిని పూర్తిచేసి తీరవలెను. రాతికొండనుండి నదివరకు ఇనుపపట్టాలు వేసి బండ్లపై రాళ్లు తోలిరి. మన దేశమున ప్రయాణికుల రైలు 1853లో నడచుటకు ముందే మన గోదావరి ఒడ్డున రాళ్లబండ్లు పట్టాలపై నడచెనన్న మాట! పనిముట్లు చేయుటకు ధవళేశ్వరమున కర్మాగారమును పెట్టిరి. దూరదేశమునుండి రావలసిన సామానుకై చేతులు ముడుచుకొని కూర్చుండక, కావలసినది తమచెంతనే చేసికొనిరి.

కట్టడము మాట యేమన, ఇసుకలోనికి ఇటుకనూతులను దించి, వానిపై గోడలు లేపి, గోడల నడుమ రాళ్లు నింపి, పైన గానుగసున్నముతో రాతికట్టు కట్టిరి. కట్టమీదుగా దూకు నీరు అడుగును తొలిచివేయకుండ దిగువను మొరటురాళ్లను విస్తారముగా పరచిరి. ఆ రాళ్లు దిగిన కొలది మరల రాళ్లు వేయుచుండవలెను. కావేరి ఒడ్డున నేర్చిన చోళుల పాఠము గోదావరి ఒడ్డున ఈ రీతిగా అక్కరకు వచ్చెను. అయితే కల్లణై పటమును అట్లే దించుకొనలేదు. పునాది తత్త్వమును గ్రహించి, ఈ నదికి తగిన కొలతలను ఆయన వేరుగా వ్రాసికొనెను. కొలతను దించుకొనుట వేరు, తత్త్వమును గ్రహించుట వేరు. మా పెరటిగదికి లోపించినది రెండవదియే.

1848లో ఎండదెబ్బచే కాటన్ గారి ఆరోగ్యము చెడి, ఆయన సెలవుపై దేశము విడువవలసి వచ్చెను. కాప్టెన్ ఆర్ గారు పనిని కొనసాగించిరి. పటము స్పష్టముగాను, పనిక్రమము తేటగాను ఉండుటవలన నాయకుడు లేని కాలమునను పని ఆగలేదు. తాను లేకున్నను ఇతరులు చదివి నడుపగలిగినదే మంచి పటము. 1850లో ఆయన తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములు కలిపి రాతికట్టు పొడవు రమారమి 12,000 అడుగులు, అనగా రెండుంబావు మైళ్లు. తూర్పున, నడుమ, పడమటను తూములు, పడవలు దాటుటకు లాకులు ఏర్పడెను. కాలువలు పొలములకు నీరును, పడవలకు దారియును ఇచ్చినవి. ఏలూరు కాలువ ద్వారా గోదావరి కృష్ణతో కలియగా, మన ప్రాంతపు ధాన్యము పడవలపై దూరపుటూళ్లకు పోవుటకు మార్గము కలిగెను.

ఆ పిమ్మట కోనసీమకు నీరు చేర్చుటకై గన్నవరమువద్ద నదీపాయమీదుగా కాలువను దాటించు అక్విడక్టును కట్టిరి. 40 అడుగుల కమానులు 49 గల ఆ కట్టడమును నడిపినవారు యువ ఇంజనీరగు హేగ్ గారు. బెజవాడవద్ద కృష్ణానదికి ఆనకట్టను కాప్టెన్ ఆర్ గారు 1855 నాటికి పూర్తిచేసిరి. కృష్ణ అచ్చట రెండు కొండల నడుమ ఇరుకుగా పారును. పొడవు గోదావరి కట్టలో మూడవవంతు లోపే. అందుచేత నీటి లోతును వడియును ఎక్కువ. కావున అచ్చట కట్టను ఎత్తుగా పెట్టి, రాళ్ల రాశిని మిక్కిలి వెడల్పుగా పోయవలసి వచ్చెను. ఒకే మనుష్యుని శిష్యులు, ఒకే విద్య, పక్కపక్క నదులు, అయినను పటము మారెను.

ఇంతవరకు చెప్పినది విజయముల కథ. మహనీయుల చరిత్ర వ్రాయువారు ఇచ్చటనే కలము నిలుపుట వాడుక. మేము అట్లు చేయుట లేదు. ఏలయన, పటములు వాడువారికి దీని తరువాతి భాగమే ఎక్కువ ఉపయోగకరము.

కాటన్ గారు 1860లో ఉద్యోగమును విరమించిరి. 1861లో సర్ బిరుదమును పొందిరి. గోదావరి, కావేరి డెల్టాలలో కలిగిన లాభమును చూచి, దేశమంతటను ఇట్టి కాలువలు త్రవ్విన కరవు మాసిపోవునని ఆయన గట్టిగా నమ్మిరి. ఆయన ప్రోత్సాహమున మద్రాసు ఇరిగేషను కంపెనీ యను సంస్థ ఏర్పడి, తుంగభద్రపై సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి, కర్నూలునుండి కడపకు సుమారు 190 మైళ్ల కాలువను త్రవ్వెను. ఖర్చు అంచనాను మించిపోయెను. కాలువ పూర్తియైన పిమ్మట రైతులు నీరు తీసికొనుటకు ముందుకు రాలేదు. అచ్చటిది డెల్టా నేల కాదు. నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు మంచి వానలున్న సంవత్సరమున కాలువ నీరు లేకయే పండును. వాననీటితో పండు పైరునకు పన్ను చెల్లించి నీరు పెట్టుకొనుట రైతునకు నచ్చలేదు. తుదకు 1882లో ప్రభుత్వము ఆ కాలువను కంపెనీవద్ద కొనివేసెను. ఒరిస్సాలో మరియొక కంపెనీ చేపట్టిన కాలువల గతియు ఇంచుమించు అట్లే ఆయెను.

గోదావరి ఒడ్డున నేలను అడిగి పటము వ్రాసిన మనుష్యుడు, కర్నూలు సీమకు గోదావరి లెక్కను మోసికొనిపోయినట్లు మాకు తోచుచున్నది. నీరు వచ్చిన చాలును, రైతు సంతోషించునను నమ్మకము ఇచ్చట నిజమైనది, అచ్చట కాలేదు. అంతటి వానికే ఇట్టి పొరపాటు కలిగినప్పుడు, అచ్చుపుస్తకపు పటముతో పెరటిలో గది కట్టిన మావంటివారి మాట చెప్పనేల? అయినను కర్నూలు కాలువ వ్యర్థము కాలేదని చెప్పుట ధర్మము. కె.సి. కాలువ యను పేర అది నేటికిని కర్నూలు, కడప ప్రాంతముల పొలములకు నీరిచ్చుచున్నది. పటము తప్పు కాదు. దానికి కాలము రాలేదు, లెక్క సరిపోలేదు.

1878లో ఆంగ్ల పార్లమెంటు నియమించిన సంఘము ముందు కాటన్ గారి ఆలోచనలు విచారణకు వచ్చెను. అప్పటికి ఆయనకు 75 ఏండ్లు. రైళ్లకంటె కాలువలు దేశమునకు మేలని ఆయన వాదించిరి. సంఘము ఆయన పథకములను అంగీకరింపలేదు. కొందరు ఆయనను ఎగతాళి చేసిరి. ఆయన నిరుత్సాహపడి కూర్చుండలేదు. ఇంగ్లాండులో డార్కింగు అను ఊర తన తోటలో లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములకు పూనుకొనిరి. నదులకు అడ్డుకట్టలు వేసిన ఇంజనీరు ముసలితనమున చిన్న మడిలో నేల లోతును కొలుచుకొనుచు ఉండుట చూడ ముచ్చటగా లేదా? దేవునియందు దృఢమైన భక్తియు, పనియందు విసుగులేమియు కడవరకు ఆయనను విడువలేదు. 1899 జూలై 24వ తేదీని, 96వ యేట, ఆయన కాలధర్మము నొందిరి. ఆయన కుమార్తె లేడీ హోప్ మరుసటి సంవత్సరమున తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను.

ఆయన కట్టిన రాతి ఆనకట్ట నూరేండ్లకు పైగా పనిచేసెను. దాని స్థానమున 1970 తరువాత కొత్త బారేజీ పని జరిగి 1982 నాటికి ముగిసెను. 175 తలుపులు గల ఆ బారేజీకి సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టబడినది. దాని చోటు ఏదియనగా, ఆయన 1844లో ఎన్నుకొన్న చోటే. రమారమి 10 లక్షల ఎకరములకు దానివలన నీరు అందుచున్నది. యంత్రములు మారినవి, సిమెంటు వచ్చినది, ఇనుపతలుపులు వచ్చినవి. నది చెప్పిన చోటు మాత్రము మారలేదు. ధవళేశ్వరమున ఆయన పేర ప్రదర్శనశాల కలదు. గోదావరిలో స్నానము చేయుచు సంకల్పమున ఆయనను తలచుకొనువారు ఉండిరని పెద్దలు చెప్పుదురు.

బాలబాలికలారా, తల్లిదండ్రులారా! మీలో కొందరు ఇల్లు కట్టుకొనుచున్నారు, కొందరు కట్టుకొనబోవుచున్నారు. కోళ్లగూడైనను, పశువులపాకయైనను, రెండంతస్తుల మేడయైనను, పటము చేతికి రాగానే కాటన్ గారి జీవితమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఈ పటము ఏ నేలకై వ్రాయబడినది? మన నేల అట్టిదేనా? రెండుచోట్ల గుంట త్రవ్వి చూచితిమా? ఇరుగుపొరుగున నిలిచిన పాత గోడ ఎట్లు నిలిచెను, పడిన గోడ ఎందుకు పడెను? ఇటుక, ఇసుక, కఱ్ఱ ఎంత దూరమునుండి రావలెను? వానలు వచ్చులోగా పని ఎంతవరకు తెమలును? అంచనాకు మించిన ఖర్చు వచ్చినచో ఎచ్చట ఆపవలెను? మనము జబ్బుపడి మంచమెక్కినచో మరియొకడు ఈ కాగితమును చదివి పని నడుపగలడా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకొన్న పిమ్మట ముగ్గు పోయుడు. ఊరిలోని ముసలి మేస్త్రీని పిలిచి చూపుటకు సిగ్గుపడకుడు. కాటన్ గారు చోళరాజు కూలీలవద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు.

మా పెరటిగది సంగతి అడుగువారికై చెప్పుచున్నాము. క్రుంగిన మూలను విప్పించి, చెత్తమట్టి పోవువరకు త్రవ్వించి, ఇసుకయు రాతిముక్కలును నింపి దిమ్మిస వేయించి, ఆ ముసలి మేస్త్రీగారి పర్యవేక్షణమున మరల కట్టించితిమి. ఈసారి బాలురే గోడ ప్రక్కన నిలిచి గుండుదారము పట్టి నిలువు చూచిరి. పాత పటము మీదనే ఎఱ్ఱసిరాతో కొత్త లోతును వ్రాసి, తేదీ వేసి, ఆ గది గోడకు తగిలించితిమి. దానిని చూచిన ప్రతి విద్యార్థియు, ముద్రించిన అంకెకంటె దిద్దిన అంకెయే ఆ గోడను నిలిపెనని తెలిసికొనుచున్నాడు. ఈ సంచిక మీ చేతికి అందునప్పటికి ఆ గది ఒక వర్షాకాలమును దాటినది. బీట కనబడలేదు.